ఫారాల సెక్షన్ అలిగింది

అత్తగారు గది తలుపేసుకుని అది నాలుగో రోజు.

తిండి మానేసినా బాగుండేది. బతిమాలడానికి ఒక వంక దొరికేది. ఆవిడ మూడు పూటలా వేళ తప్పకుండా బయటికొచ్చి, కడుపు నిండా తిని, కంచం కడిగి బోర్లించి, మళ్ళీ లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటోంది. ఇంత ఆరోగ్యంగా అలిగిన మనిషిని ఎక్కణ్ణించి బతిమాలడం మొదలుపెట్టాలో మేస్త్రికి అంతుపట్టలేదు.

"టీలో చక్కెర లేదు," అన్నాడు.

"మీరు టీ అడిగారు. చక్కెర అడగలేదు," అంది భార్య.

"పద్దెనిమిదేళ్ళుగా అడగలేదు. అయినా వేసేదానివి."

"వేసేదాన్ని. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా బాగుందన్నారా?"

"బాగోలేదని కూడా అనలేదుగా?"

ఆ జవాబు చాలా గట్టిదని మేస్త్రికి అనిపించింది. భార్య మొహం చూశాక అంత గట్టిది కాదేమో అనిపించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని సామెత. ఈ ఇంట్లో అత్తకి అల్లుడి మీద వచ్చిన కోపాన్ని కూతురు టీ గిన్నె మీద చూపిస్తోంది.

"నా చారల చొక్కా ఏది?"

"బొత్తాం ఊడిందన్నారు, కుట్టాను. అది నా పని. ఎక్కడ పెట్టానో చెప్పడం నా పనని ఎవరూ చెప్పలేదు."

"ఇదేం వరసే?"

"మీ వరసే. సోమవారం షాపులో నలుగురి ముందూ మీరేగా సిద్ధాంతం చెప్పారు?"

చెప్పాడు. కాదనడానికి లేదు. సాక్షులు ఎక్కువమంది ఉన్నారు.

మేస్త్రి పనిచేసేది పుస్తకాల బైండింగ్ షాపులో, అందరి మీదా పెత్తనం ఆయనదే. అత్తగారు పనిచేసేదీ అక్కడే. ఆయన నిక్కర్లు మాని ప్యాంటు వేసుకోవడం నేర్చుకునే రోజుల్లోనే ఆవిడ అక్కడ కాగితాలు మడతపెట్టేది. సోమవారం నర్సింగ్ కాలేజీ గుమాస్తా షాపుకొచ్చి, "మొదటి విడత పుస్తకాల్లో ఒక పేజీల మడత, అదే మీరు ఫారం అంటారే, తలకిందులుగా పడిందట కదా, అట్ట వేసేముందే పట్టుకున్నారట. మా పరువు నిలబెట్టారు. ఈ పెద్దావిడకి మా ప్రిన్సిపాల్ మరీ మరీ థాంక్స్ చెప్పమన్నారు," అన్నాడు.

దానికి మేస్త్రి నవ్వి, "థాంక్స్ ఎందుకండీ, అది ఆవిడ పనే. పని చేసినందుకు థాంక్స్ చెబుతూ కూర్చుంటే పనెప్పుడు చేస్తాం?" అన్నాడు.

గుమాస్తా నవ్వలేదు. అత్తగారు చేతిలో ఉన్న, కాగితాల అంచులు నొక్కే మడత బద్దని బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని, చెప్పులేసుకుని ఇంటికొచ్చేసింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ వేళకి ముందు షాపు వదలడం అదే మొదటిసారి.

"అత్తయ్యగారికి చెప్పు, పని ఆగిపోతోందని," అన్నాడు మేస్త్రి తలుపు వైపు వినబడేలా.

లోపల్నించి గొంతు వినిపించింది. "మేస్త్రిగారికి చెప్పమ్మా, ఆవిడ పని ఆవిడ చేసుకుంటోందని. ప్రస్తుతం ఆవిడ పని పడుకోవడం."

*

షాపులో చుట్టరికాలు పనికిరావని మేస్త్రి పెట్టిన రూలు. అక్కడ మిషను మీద కుట్టే ఆవిడని అందరూ కుట్టుపిన్ని అంటారు. బంక రాసే ఆయన్ని బంకబాబాయ్ అంటారు. వాళ్ళిద్దరికీ ఒకళ్ళతో ఒకళ్ళకి గానీ, మేస్త్రితో గానీ ఏ చుట్టరికమూ లేదు. ఉన్న ఒక్క చుట్టం అత్తగారు. ఆవిడని మాత్రం మేస్త్రి షాపులో వరస పెట్టి పిలవడు. 'ఫారాల సెక్షన్' అంటాడు.

"ఫారాల సెక్షన్ ఇంకా మంచినీళ్ళు తాగడం అవలేదా?" అని ఆయన అడిగితే, కొత్తగా వచ్చినవాళ్ళు పదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి నీళ్ళు తాగుతున్నారేమో అనుకునేవారు.

గోడకి ఒక పలక వేలాడుతుంది. తప్పుల పలక. ఎవరెవరు ఏం తప్పు చేశారో దాని మీద సుద్దముక్కతో రాసి, సాయంత్రం అయిదింటికి మేస్త్రి గట్టిగా చదువుతాడు. పదకొండేళ్ళుగా ఒక్కరోజూ మానలేదు. ఎవరూ ఏ తప్పూ చెయ్యని రోజు ఖాళీ పలక చూసి, ఏదో పోగొట్టుకున్నవాడిలా కాసేపు నిలబడి ఇంటికి వెళ్ళేవాడు.

ఇప్పుడు చేతిలో ఉన్నది నర్సింగ్ కాలేజీ పుస్తకం రెండో విడత. నూటఇరవై కాపీలు. రేపు పదింటికి వ్యాన్ వస్తుంది. బంక ఆరడానికి ఒక రాత్రి కావాలి. అంటే సాయంత్రానికి అన్నిటికీ బంక పడి, అట్టలు అంటుకుని, బరువు కింద ఉండాలి. ఆలస్యమైతే పని వేరే షాపుకి వెళ్ళిపోతుందని గుమాస్తా ఫోన్‌లో మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పడం వల్లే మేస్త్రికి భయమేసింది. ఆ కాలేజీ పని పోతే షాపులో నాలుగు బల్లలు ఉండవు, రెండే ఉంటాయి.

అయినా ధైర్యంగానే ఉన్నాడు. అత్తగారు వెళ్ళేముందే మడతలన్నీ పూర్తిచేసింది. పెద్ద కాగితాన్ని మూడు మడతలేస్తే పదహారు పేజీలు. అదొక ఫారం. అలాంటి పన్నెండు ఫారాలు వరసలో పేరిస్తే పుస్తకం. మిగిలింది పేర్చడమే. ఒకటి నించి పన్నెండు దాకా లెక్క వచ్చినవాడెవడైనా చెయ్యొచ్చని, రెండు రోజులు తనే కూర్చుని పేర్చేశాడు. కుట్టుపిన్ని కుట్టేసింది.

పదిన్నరకి షాపులోకి వచ్చేసరికి బంకబాబాయ్ బంక కలుపుతున్నాడు. పదకొండుకి చూస్తే కలుపుతున్నాడు. పదకొండున్నరకీ కలుపుతూనే ఉన్నాడు.

"ఏం బాబాయ్, వెన్న తీస్తున్నావా?"

"ఉండలు కడుతోందండీ."

మేస్త్రి వంగి చూశాడు. బంక అద్దంలా ఉంది. అందులో ఆయన మొహం కూడా కనిపిస్తోంది.

"ఉండలేవీ?"

బంకబాబాయ్ పక్కనున్న పుస్తకాల దొంతర వైపు ఒకసారి చూసి, చూడనట్టు మళ్ళీ గిన్నెలోకి చూశాడు.

మేస్త్రి ఒక పుస్తకం తీసి వీపు తిప్పాడు. ప్రతి ఫారం వీపు మీదా ఒక నల్ల గీత అచ్చవుతుంది. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. సరిగ్గా పేరిస్తే మెట్లు దిగినట్టు ఉంటుంది. ఈ పుస్తకంలో ఎనిమిది మెట్లు చక్కగా దిగాయి. తర్వాత ఒక మెట్టు మాయమై, మళ్ళీ వెనక్కి ఎక్కింది.

ఇంకోటి తీశాడు. అంతే. ఇంకోటి. అంతే.

తొమ్మిదో ఫారం, పదో ఫారం తారుమారు. లోపల తెరిచి చూశాడు. రోగిని నూటనలభై అయిదో పేజీలో ఇంటికి పంపించేశారు. పదహారు పేజీల తర్వాత ఆస్పత్రిలో చేర్చుకున్నారు.

మేస్త్రి పుస్తకం పట్టుకుని మిషను వైపు తిరిగాడు.

"పిన్నీ! కుడుతున్నప్పుడు నీకిది కనిపించలేదా?"

"కనిపించింది," అంది కుట్టుపిన్ని దారం కత్తిరిస్తూ.

"ఎప్పుడు?"

"మూడో పుస్తకం దగ్గర."

"మూడో పుస్తకం దగ్గర కనిపిస్తే నూటఇరవై కుట్టావా?"

"కుట్టడం నా పనండీ. చూడటం ఫారాల సెక్షన్ పని. పోయిన నెల అట్ట రంగు తేడాగా ఉందని నోరు జారాను. 'ఎవరి పని వాళ్ళు చూసుకోండి' అని నా పేరు పలక మీద ఎక్కించారు."

"బాబాయ్, నువ్వు?"

"నా పని బంక రాయడమండీ. రాయకుండా ఉండటం నా పని కాదు," అన్నాడు బంకబాబాయ్. కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "అందుకని కలుపుతున్నాను."

షాపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ ఫ్యాను పదకొండేళ్ళుగా అంతే గట్టిగా తిరుగుతోందని మేస్త్రికి ఆరోజే తెలిసింది.

లేచి పలక దగ్గరికి వెళ్ళాడు. 'ఫారాలు పేర్చడంలో 9, 10 తారుమారు. 120 కాపీలు' అని రాసి సుద్దముక్క కింద పెట్టబోయాడు.

"పేరు రాయాలండీ," అంది కుట్టుపిన్ని. "మావి రాస్తారుగా."

రాశాడు. సుద్ద కీచుమంది.

*

బస్సులో దారి పొడుగునా సాధన చేశాడు. కష్టమేముంది, రెండక్షరాల మాట. కానీ నోట్లోంచి బయటికి రావడానికి అది పెద్ద బీరువాలా అడ్డం తిరుగుతోంది. ముందు అలవాటుకి కండక్టరు మీద ప్రయోగించాడు.

"థాంక్స్."

కండక్టరు అనుమానంగా చూసి, టికెట్ వెనక్కి తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూసి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి భార్య మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతోంది. ఆవిడ ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టు. రోజుకి వందమందికి నవ్వుతూ థాంక్యూ చెప్పి, అరిగిపోయిన మొహంతో ఇంటికొస్తుంది.

"ఈ వేళప్పుడొచ్చారేం?"

"అత్తయ్యగారితో మాట్లాడాలి."

భార్య ఆయన్ని కిందినించి పై దాకా చూసింది. "చెప్పులు గుమ్మం బయట విప్పండి. ఆ మేస్త్రి మొహం కూడా అక్కడే విప్పి లోపలికెళ్ళండి," అని, వెళ్ళబోతున్నదల్లా ఆగి, వంటింట్లోకి తిరిగెళ్ళింది.

మేస్త్రి తలుపు తట్టాడు.

"ఎవరు?"

"నేనే."

"మేస్త్రిగారా? అల్లుడా?"

"ఎవరైతే తీస్తారు?"

"ముందు వచ్చిందెవరో చెప్పు."

మేస్త్రి తలుపు చెక్క మీది గీతలు చూస్తూ నిలబడ్డాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. భార్య చెవి ఎక్కడుందో ఆయనకి తెలుసు.

"తప్పు చేసినవాడొచ్చాడు," అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది.

గదిలో మంచం మీద, కుర్చీలో, కిటికీ గూట్లో అంతా కాగితాలే. ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ అత్తగారు మూడు మడతలేసి, అంచుకి అంచు కలిపి, దొంతర్లు పెట్టింది. బద్ద లేదు కాబట్టి బొటనవేలితో నొక్కింది. వేలు ఎర్రగా ఉంది. పడుకోవడం తన పనని చెప్పిన మనిషి నాలుగు రోజులుగా ఒక్క గంటైనా పడుకున్నట్టు లేదు.

మేస్త్రి జేబులోంచి మడత బద్ద తీసి మంచం మీద పెట్టాడు. తొమ్మిది, పది సంగతి చెప్పాడు. ఎవరు పేర్చారో కూడా చెప్పాడు. అత్తగారు నవ్వలేదు. నవ్వి ఉంటే తేలిగ్గా ఉండేది.

"థాంక్స్ అండీ," అన్నాడు చివరికి. ఆ మాట అత్తగారికి కాకుండా మంచం కోడుకి చెప్పినట్టు వచ్చింది.

"దేనికి?"

"పోయినవారం ఆ తిరగబడ్డ ఫారం పట్టుకున్నందుకు."

"నేను పట్టుకోలేదు."

"అంటే?"

"పట్టుకుంది కుట్టుపిన్ని. నీతో చెబితే పలకెక్కిస్తావని నా చెవిలో చెప్పింది. నీకు నేను చెప్పాను. విప్పి సరిచెయ్యడానికి పొద్దుపోయేదాకా నాతో కూర్చున్నది బంకబాబాయ్. అతని మనవరాలి స్కూల్లో ఆటలపోటీ ఆరోజు. వెళ్ళలేదు."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. ఒక దొంతర పేపర్లు నలిగాయి.

"ఆ గుమాస్తా వచ్చి థాంక్స్ అంటుంటే, ఇది నాది కాదు, వాళ్ళిద్దరిదీ అని చెబుదామని నోరు తెరిచాను బాబూ. ఈలోపు నువ్వు తెరిచావు. నన్ను అన్నావని నేను రాలేదనుకున్నావా? నువ్వన్న మాట నాకు పాతదే. ఆ పూట వాళ్ళిద్దరి మొహాలూ చూశాను. దీపం ఊదేసినట్టు అయిపోయాయి. ఆ తర్వాత నీ షాపులో ఎవరికి ఏది కనిపించినా, ఎవరూ చెప్పరని అప్పుడే అర్థమైంది."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. మూడో పుస్తకం దగ్గరే జరిగింది.

"నాకు చెప్పిన ఆ మాట తీసుకెళ్ళి చెప్పాల్సినచోట చెప్పు," అంది అత్తగారు, నలిగిన పేపర్లు ఆయన కిందినించి లాగుతూ. "అప్పుడు నా సంగతి ఆలోచిస్తాను."

*

షాపులో ఇద్దరూ అన్నం గిన్నెలు సర్దుకుంటున్నారు. మేస్త్రి వచ్చి మధ్యలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు.

"పిన్నీ. పోయినవారం ఆ ఫారం నువ్వు పట్టుకున్నావట. థాంక్స్."

కుట్టుపిన్ని చేతిలో మూత కింద పడింది.

"బాబాయ్. ఆ సాయంత్రం మనవరాలి ఆటలు వదులుకుని కూర్చున్నావట. థాంక్స్. ఇవాళ గంటసేపు ఊరికే బంక కలిపినందుకు కూడా. నువ్వు రాసేసి ఉంటే ఈపాటికి నేను గంగలో దూకేవాణ్ణి."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బంకబాబాయ్ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"షాపు మూసేస్తున్నారా అండీ?"

"లేదు బాబాయ్."

"మమ్మల్ని తీసేస్తున్నారా?"

"లేదయ్యా!"

"పోనీ, మీకేమైనా ఒంట్లో బాగోలేదా?" అంది కుట్టుపిన్ని. "డాక్టరేమన్నాడు?"

తనకి ఏ జబ్బూ లేదని నమ్మించడానికి మేస్త్రికి అయిదు నిమిషాలు పట్టింది. నమ్మాక కుట్టుపిన్ని మొహం తిప్పుకుని, కొంగుతో మిషను తుడిచింది. మిషను మీద దుమ్ము లేదు.

"సరే, నూటఇరవై పుస్తకాలూ విప్పాలి," అన్నాడు మేస్త్రి చొక్కా చేతులు మడుస్తూ. "సాయంత్రానికి అవుతుందో లేదో."

"మొత్తం ఎందుకండీ విప్పడం?" అంది కుట్టుపిన్ని. అని, అలవాటు కొద్దీ పలక వైపు చూసి, నోరు మూసుకుంది.

"చెప్పు పిన్నీ."

"ఏంలేదు లెండి."

"చెప్పు. నీ దగ్గర మాట ఉండగా నేను కత్తెర పట్టుకోను."

ఆవిడ ఒక పుస్తకం అందుకుంది. "ఎనిమిదో ఫారం దాకా సరిగ్గానే ఉందిగా. అక్కడ ముడేసి, ఆ పైన నాలుగే విప్పి, మార్చి, మళ్ళీ మిషనుకి ఇస్తే చాలు. మూడోవంతు పని. పోయినసారి కూడా ఇలాగే చేస్తే సరిపోయేది. ఎవరూ అడగలేదు."

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఏమిటో మేస్త్రికి తెలిసొచ్చింది. పోయినవారం ఆ గొడ్డలి ఎత్తి ముగ్గురిచేత నరికించింది తనే.

బంకబాబాయ్ విప్పుతున్నాడు, మేస్త్రి మారుస్తున్నాడు, పిన్ని కుడుతోంది. ముప్ఫయ్యో పుస్తకం దగ్గర గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఎవరూ తలెత్తకుండానే ఆ చప్పుడు ఎవరిదో తెలిసిపోయింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని తన బల్ల దగ్గర కూర్చుంది. సంచిలోంచి ఒక ఫ్లాస్కు తీసి మేస్త్రి వైపు జరిపింది. "నీ పెళ్ళాం ఇచ్చింది. ఇది డ్యూటీ కాదని చెప్పమంది."

మేస్త్రి ఒక గుక్క తాగాడు. చక్కెర ఉంది. రెండు రోజులది కలిపి వేసినట్టుంది. ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"బాగుంది," అన్నాడు.

"ఫోన్‌లో చెప్పు, నాకు కాదు," అంది అత్తగారు.

చెప్పాడు. అవతల్నించి, "చారల చొక్కా బీరువా వెనక హుక్కుకి ఉంది," అని వినిపించింది.

అక్కణ్ణించి పని ఎలా పరుగెత్తిందో తెలియదు. అత్తగారి వేలు మెట్ల మీద టకటకా దిగుతోంది. "ఇది చూడు," "అది జాగ్రత్త," "దారం వదులైంది పిన్నీ," "బంక పలచనైంది బాబాయ్," అని ఎవరి పనిలో ఎవరైనా వేలు పెట్టేస్తున్నారు. ఎవరూ పలక వైపు చూడటం లేదు. అయిదింటికి నూటఇరవయ్యో పుస్తకానికి అట్ట అంటుకుని బరువు కిందికి వెళ్ళింది. మేస్త్రి వదిలిన నిట్టూర్పుకి బల్ల మీది కాగితాలు కదిలాయి. బంకబాబాయ్ మనవరాలు పరుగుపందెంలో రెండోది వచ్చిందన్న సంగతి కూడా షాపుకి అప్పుడే తెలిసింది. వారం రోజులుగా ఎవరూ అడగలేదు మరి.

మేస్త్రి పలక ముందు నిలబడి తన తప్పు తనే గట్టిగా చదివాడు. పదకొండేళ్ళలో మొదటిసారి జనం చప్పట్లు కొట్టారు.

"రేపట్నించి ఫారాల సెక్షన్ పనిలోకి వస్తున్నట్టేనా?" అన్నాడు, చదివిన ఊపులో.

అత్తగారు చెప్పులు వెతుక్కుంటున్నదల్లా ఆగింది.

"ఒక షరతు ఉంది."

"చెప్పండి."

"వారానికి ఒక పూట నువ్వు నా బల్ల దగ్గర కూర్చుని ఫారాలు మడవాలి. ఇంకో పూట పిన్ని మిషను దగ్గర. ఇంకో పూట బంక గిన్నె దగ్గర. ఎవరి పని ఏమిటో తెలిశాక, అది వాళ్ళ పనేనని ఎంత గట్టిగానైనా అను."

"ఓస్, ఇంతేనా," అన్నాడు మేస్త్రి. "మడవడమేగా?"

"అయితే ఒకటి మడిచి చూపించు."

పెద్ద కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. తన మడత బద్దని ఆయన చేతిలో పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా అది ఇంకొకరి చేతికి వెళ్ళలేదు. పిడి దగ్గర ఆవిడ బొటనవేలికి సరిపోయేంత గుంట పడి ఉంది. మేస్త్రి వేలు అందులో ఇమడలేదు.

మొదటి మడత వేశాడు. పర్వాలేదు. రెండోది వేశాడు. కాస్త వంకర పోయినా మడతే.

మూడో మడత దగ్గర చెయ్యి ఆగింది. కాగితం ఇటు తిప్పాలా, అటు తిప్పాలా? ఇటు తిప్పితే పేజీలు తలకిందులవుతాయి. అటు తిప్పినా అవుతాయేమో.

తలెత్తి చూశాడు.

ముగ్గురికీ తెలుసు. కుట్టుపిన్ని చెప్పబోయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బంకబాబాయ్ ఖాళీ గిన్నెలో బ్రష్ తిప్పడం మొదలుపెట్టాడు. అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని, తొందరేమీ లేనట్టు కూర్చుంది.

అడుగుతాడా, అడగడా అని ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. అడిగితే ఆవిణ్ణి ఏ వరసతో పిలిచి అడుగుతాడా అని కూడా.

మేస్త్రి నోరు తెరిచాడు.